పేరుకు చిరునామా దొరకనప్పుడు

ఖతార్‌లోని అల్ వక్రాలో ఆఫీసు కంప్యూటర్లు చూస్తూనే నాకు తల నెరిసింది. 2019లో మెట్రో రెడ్ లైన్ ఇక్కడికి రాకముందు నుంచీ ఇదే పని. కొత్తగా దిగుతున్న మన పిల్లల కోసం ఇవి రాస్తున్నాను.

1. "నెట్ రావట్లేదు" అనగానే రౌటర్ ఆపేయకండి. ముందు సర్వర్ పేరుతో పింగ్ కొట్టండి. మొదటి వరుసలో పేరు పక్కన నంబరు పడితే పేరు దొరికినట్టే. పడకపోతే ఐపీ అడ్రసుతో కొట్టండి. దానికి జవాబొస్తే దారి బాగుంది, చిక్కు పేర్లకు నంబర్లు చెప్పే డీఎన్‌ఎస్ దగ్గర. కంప్యూటర్ అడ్రసే 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి దానికి ఏమీ అందలేదు.

2. ఆల్టర్నేట్ డీఎన్‌ఎస్ గడిలో 8.8.8.8 పెట్టకండి. మన ఆఫీసు లోపలి సర్వర్ పేరు గూగుల్‌కు తెలియదు. "అలాంటి పేరే లేదు" అంటుంది. విండోస్ ఆ మాట నమ్మి ఇంకెవర్నీ అడగదు. పొద్దున తెరుచుకున్న షేర్ ఫోల్డరు మధ్యాహ్నం తెరుచుకోదు, యూట్యూబ్ మాత్రం ఆడుతూనే ఉంటుంది. బయటి పేర్లకు లోపలి సర్వర్‌లోనే ఫార్వర్డర్ పెట్టాలి.

3. ఒకే కంప్యూటర్‌లో తేడా ఉంటే, అందులో పేర్ల పక్కన నంబర్లు రాసుండే హోస్ట్స్ ఫైలు చూడండి. ఒక గురువారం అకౌంట్స్ అబ్బాయి ఫోన్ చేశాడు. "బాబాయ్, పేరోల్ తెరుచుకోవట్లేదు. ఈరోజే జీతాల ఫైలు పంపాలి." 2015 నుంచి ఖతార్‌లో వేజ్ ప్రొటెక్షన్ సిస్టం ఉంది. ఇవ్వాల్సిన తేదీ నుంచి 7 రోజుల్లోగా జీతం బ్యాంకులో పడాలి. శుక్ర, శనివారాలు సెలవు.

పేరోల్ సర్వర్ పేరుతో ఎన్‌ఎస్‌లుకప్ కొడితే సరైన నంబరే వచ్చింది, చివర 25. పింగ్ మాత్రం 11కు పోతోంది. ఫ్లష్‌డీఎన్‌ఎస్ చేశాను, మళ్లీ 11. అరగంట సర్వర్‌నే అనుమానించాను. తర్వాత గుర్తొచ్చింది: ఎన్‌ఎస్‌లుకప్ నేరుగా డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడుగుతుంది, హోస్ట్స్ ఫైలు వంక చూడదు. పింగ్ చూస్తుంది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను రూపొందించకముందు లోకమంతా అలాంటి ఫైలు మీదే నడిచింది. నేటికీ దాని మాట చెల్లుతుంది.

నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సిస్టం32లో డ్రైవర్స్, అందులో ఈటీసీ ఫోల్డరులోకి వెళ్లి ఆ ఫైలు తీశాను. హ్యాష్ గుర్తు ఉన్న వరుసలన్నిటి కింద హ్యాష్ లేనిది ఒకటుంది. పాత సర్వర్ నంబరు, ఎవరో అవసరానికి రాసి వదిలేసినది. దాని ముందు హ్యాష్ పెట్టి సేవ్ చేయగానే పేరోల్ తెరుచుకుంది. అబ్బాయి మాట్లాడలేదు, గబగబా ఫైలు పంపేశాడు. ఆ జాబితాలో క్యాంపుల్లో ఉండే మన కరీంనగర్, కడప వాళ్ల పేర్లూ ఉన్నాయి. ఆ జీతం కోసం ఊళ్లో ఇళ్లు ఎదురుచూస్తాయి.

4. సర్వర్ నంబరు మార్చేముందు రోజే టీటీఎల్ తగ్గించండి. అది 3600 సెకన్లు ఉంటే గంటదాకా పాత నంబరుకే పోయే కంప్యూటర్లుంటాయి.

5. కారణం తెలియకుండా ఫార్మాట్ కొట్టకండి. కంప్యూటర్ బాగుపడొచ్చు గానీ తప్పు ఎక్కడుందో మీకు ఎప్పటికీ తెలియదు. చేతితో మార్చిన ప్రతి నంబరూ తేదీతో నోట్‌బుక్‌లో రాయండి. సెలవు మీద ఊరెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ సూట్‌కేసులో పెట్టుకోకుండా, మీ చోట కూర్చునేవాడి చేతికిచ్చి విమానం ఎక్కండి.