నాణెంపై ధర్మచిహ్నం

భక్తులు హుండీలో సమర్పించే ప్రతి నాణెంపై దేశం తన ఆదర్శాన్ని ముద్రించుకొంటుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు నిజాం ఏలుబడిలో ఉన్నప్పుడు మన పెద్దల చేతుల్లో మెలిగింది హాలీ సిక్కా. ఆనాటి రూపాయిపై చార్మినార్, దాని ద్వారంలో పాలకుని పేరులోని తొలి అక్షరం ఉండేవి. బ్రిటిష్ ఇండియా రూపాయిపై చక్రవర్తి ముఖం ఉండేది.

1950లో గణతంత్ర భారతం రాజచిహ్నాలను తొలగించింది. రూపాయికి ఒకవైపు సారనాథ్ అశోకస్తంభ సింహాలు, మరోవైపు గోధుమ కంకులు నిలిచాయి. అణాపై వృషభం వెలసింది. ప్రభువు స్థానాన్ని ధర్మము, కృషి అలంకరించాయి. నేటి నాణేలపై సింహాల క్రింద ముండకోపనిషత్తు నుండి గ్రహించిన జాతీయ సూక్తి కూడా కనిపిస్తుంది.

ఇట్టి ముద్ర గల ధనాన్ని న్యాయంగా ఆర్జించి అర్పించినప్పుడే ఆ కానుక సార్థకమవుతుంది.