అరుపు ఎప్పుడొస్తోంది?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ కారు కొన్నాం. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే బానెట్ కింద నుంచి కీచుమని ఒకటే అరుపు. వీధి వీధంతా లేచి చూస్తోంది. ఒక నిమిషానికి దానంతటదే ఆగిపోతుంది. ఏసీ వేసినప్పుడు మళ్ళీ ఓసారి కుయ్యిమంటుంది. పొగాకు వేలానికి పొదిలి వెళ్ళినప్పుడు మెకానిక్‌కి చూపిద్దామంటే అక్కడ చప్పుడే రాదు. ఒకాయన డైనమో మార్చాలన్నాడు, ఇంకొకాయన ఏసీ కంప్రెసర్ పోయిందన్నాడు. రెండూ వేలల్లో పని. ఇంటి దగ్గరే తేల్చుకునే దారి ఉందా?
- ఒక రైతు, పొదిలి మండలం

జవాబు: ఉంది. సగం మీరే చెప్పేశారు కూడా. పొద్దున్నే వస్తుంది, సెల్ఫ్ కొట్టగానే వస్తుంది, నిమిషంలో ఆగుతుంది, ఏసీ వేస్తే మళ్ళీ వస్తుంది. ఈ నాలుగు ముక్కలూ ఆ మెకానిక్‌లకి చెప్పారా? చాలామంది చెప్పరు. "ముందు నుంచి ఏదో సౌండొస్తోంది, చూడు" అని తాళం చేతిలో పెట్టి టీకి వెళ్తారు. ఇంజన్‌కి అన్నీ ఒకదానికొకటి బిగించి ఉంటాయి కాబట్టి ఈ మూల పుట్టిన కీచు ఆ మూల నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. చెవి చెప్పిన చోటల్లా మార్చుకుంటూ పోతే డైనమో అయ్యాక కంప్రెసర్, ఆ తర్వాత ఇంకోటి. ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరిగింది, ఏం చేస్తే ఆగింది అన్న లెక్క మాత్రం అంత తేలిగ్గా తప్పదు.

మీ లెక్క బెల్ట్ వైపు చూపిస్తోంది. రాత్రంతా నిలబడ్డ డీజిల్ బండికి సెల్ఫ్ కొడితే గ్లో ప్లగ్గులు, స్టార్టర్ కలిసి బ్యాటరీని బాగా లాగేస్తాయి. ఆ వాడేసిన కరెంటు తిరిగి నింపడానికి డైనమో మీద ఒక్కసారిగా లోడ్ పడుతుంది. చలికి బిగుసుకుపోయి, పైన మంచు చెమ్మ కూడా ఉన్న బెల్ట్ ఆ లోడ్‌కి పుల్లీ మీద జారుతుంది. ఆ జారుడే మీరు వినే అరుపు. కాసేపటికి బ్యాటరీ తేరుకుంటుంది, బెల్ట్ వేడెక్కుతుంది, పట్టు దొరుకుతుంది. ఏసీ నొక్కినప్పుడు కంప్రెసర్ లోడ్ పడుతుంది కాబట్టి మళ్ళీ అదే కథ. బ్యాటరీ ముసలిదైతే డైనమో ఎక్కువసేపు కష్టపడాలి, అరుపూ ఎక్కువసేపు ఉంటుంది. అందుకే బెల్ట్ చూసేటప్పుడు బ్యాటరీ వయసు కూడా కనుక్కోండి.

రేపు పొద్దున ఇలా చేయండి. బండి న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద ఇటుకలు పెట్టండి. మెడలో తువ్వాలు తీసేయండి, లుంగీతో బానెట్ దగ్గరికి పోవద్దు. ముందు ఏసీ, లైట్లు ఆపి స్టార్ట్ చేయండి. అరుపు ఆగాక హెడ్‌లైట్లు వేయండి, తర్వాత ఏసీ. లోడ్ వేసిన ప్రతిసారీ కీచుమంటే అనుమానం బలపడినట్టే.

తర్వాత నీళ్ళ పరీక్ష. ఇస్త్రీకి వాడే చిన్న స్ప్రే బాటిల్ చాలు. చేలో మందు కొట్టే స్ప్రేయర్ తెచ్చేరు, అది డైనమోని కూడా స్నానం చేయించేస్తుంది. ఇంజన్ నడుస్తుండగా, చేయి దూరంగా ఉంచి, బెల్ట్‌కి గాడులున్న లోపలి వైపు కాసిని నీళ్ళు చిమ్మండి. అరుపు ఇంకా పెరిగితే బెల్ట్ వదులైందని, లేదా టెన్షనర్ పట్టు తగ్గిందని అర్థం. టక్కున ఆగి కొన్ని సెకన్లకి మళ్ళీ వస్తే పుల్లీలు ఒక వరసలో లేవని. నీళ్ళకి ఏ మార్పూ లేకపోతే బెల్ట్‌ని వదిలేసి బేరింగుల వైపు వెళ్ళాలి.

బేరింగుల సంగతి ఇంజన్ ఆపి చల్లారాక చూడాలి. తాళం కూడా తీసేయండి, రేడియేటర్ ఫ్యాన్ కొన్ని బండ్లలో ఇంజన్ ఆగినా తిరుగుతుంది. బెల్ట్ ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాకే దాన్ని విప్పాలి. ఈ ఫొటో మర్చిపోయిన వాళ్ళకి ఆ సాయంత్రం చాలా పొడుగ్గా ఉంటుంది. బెల్ట్ తీశాక ఒక్కో పుల్లీని చేత్తో తిప్పండి. నున్నగా, చప్పుడు లేకుండా తిరగాలి. గరగరమన్నా, అటూ ఇటూ ఊగినా దొంగ అదే. డైనమో మొత్తం పోవడం కంటే అందులో బేరింగ్ ఒక్కటే పోవడం, లేదా పక్కనున్న చిన్న ఐడ్లర్ పుల్లీ పోవడం మామూలు.

విప్పిన బెల్ట్‌ని కూడా చేతిలోకి తీసుకుని చూడండి. పాత రకం రబ్బరైతే పగుళ్ళు కనబడేవి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు అంత తేలిగ్గా పగలదు, టైరు అరిగినట్టు గాడులు అరిగిపోతాయి. పగుళ్ళు లేవు కదా అని మంచిదనుకోవద్దు. మన వైపు దుమ్ము వేసవంతా ఆ గాడుల్లోకి పోయి ఉప్పుకాగితంలా గీకుతుంది. ఆయిల్ గానీ కూలెంట్ గానీ బెల్ట్ మీద కారుతుంటే ముందు ఆ కారుడు ఆపాలి, లేకపోతే కొత్త బెల్ట్ కూడా నెల తిరక్కుండా అరుస్తుంది.

సబ్బు, కొబ్బరినూనె, గ్రీజు, అంగట్లో అమ్మే బెల్ట్ స్ప్రే, ఏదీ రాయొద్దు. రాసినప్పుడు అరుపు ఆగే మాట నిజమే, అందుకే ఈ చిట్కా చావడం లేదు. కానీ జారుడు లోపల సాగుతూనే ఉంటుంది, పైగా దుమ్ము ఆ జిడ్డుకి అతుక్కుంటుంది. చాలా ఇంజన్లలో నీళ్ళ పంపుని తిప్పేది కూడా ఈ బెల్టే. మే నెల మిట్టమధ్యాహ్నం కొనకనమిట్ల రోడ్డులో అది తెగితే బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలుగుతుంది, వెనకాలే టెంపరేచర్ ముల్లు లేస్తుంది. ముల్లు లేచాక "ఊరు దగ్గరే కదా" అని నడిపితే ఇంజన్ హెడ్ వంగిపోవచ్చు. అక్కడే ఆపేయాలి.

ఒక్కటి మాత్రం మీరు ముట్టుకోవద్దు. పాత మారుతి 800 లాంటి బండ్లలో పళ్ళున్న టైమింగ్ బెల్ట్ వేరే ఉంటుంది, మూత వెనక. దాని పని తెలిసినవాడిదే.

ప్రశ్న: రోజూ పొదిలి నుంచి చీమకుర్తికి కారులో వెళ్ళొస్తాను. వారం నుంచి ముందు ఎడమ చక్రంలో సన్నగా కీచుమంటోంది. చిత్రమేమిటంటే బ్రేక్ నొక్కితే ఆగిపోతుంది. బ్రేక్ నొక్కితే పోతోంది కాబట్టి బ్రేక్ తప్పు కాదనుకోవచ్చా?

జవాబు: సరిగ్గా తలకిందులు. బ్రేక్ నొక్కితే మారే అరుపు ఎక్కువగా బ్రేకుదే. చాలా బ్రేక్ ప్యాడ్లకి ఓ చిన్న ఇనుప నాలుక ఉంటుంది. ప్యాడ్ అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకి వచ్చేసరికి అది డిస్క్‌ని తాకి కీచుమంటుంది. కావాలని పెట్టిన గంట అది. బ్రేక్ నొక్కితే ఆ నాలుక బిగుసుకుని అరుపు ఆగడం మామూలే. గంటని పట్టించుకోకపోతే తర్వాత వచ్చేది గరగర. అప్పటికి ఇనుముని ఇనుము కొరుకుతుంటుంది, ప్యాడ్లతో పాటు డిస్క్ ఖర్చు కూడా మీదే.

అయితే మీ దారిలో ఇంకో అనుమానితుడున్నాడు. ప్రపంచమంతా వంటగదుల్లో పరుచుకునే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ చీమకుర్తిదే కదా, ఆ లారీల వెనక వెళ్ళేవాళ్ళకి రాతి పలుకులు ఉచితం. డిస్క్‌కీ దాని వెనకున్న రేకుకీ మధ్య ఒక పలుకు ఇరుక్కుంటే ఇలాగే కీచుమంటుంది. ఖాళీ స్థలంలో నాలుగు గజాలు వెనక్కి, ముందుకి నడిపి చూడండి. రాయి అయితే చాలాసార్లు వెనక్కి తిప్పినప్పుడు రాలిపోతుంది. పోకపోతే చక్రం చల్లారాక సందుల్లోంచి టార్చి వేసి ప్యాడ్ మందం చూడండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరొద్దు.

రాత్రి వాన పడి, పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకి మాత్రమే అరిస్తే అది డిస్క్ మీద తుప్పు. దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు.

డిస్క్ బ్రేక్ గోల పుట్టుకతో వచ్చిందే. 1902లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ దానికి పేటెంట్ తీసుకున్నప్పుడు డిస్క్‌ని పట్టుకునే పలకలు రాగివి. లోహాన్ని లోహం ఒరుసుకుని చెవులు చిల్లులు పడేవి. తర్వాత కొన్నేళ్ళకి హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్బెస్టాస్ లైనింగులు తెచ్చి ఆ మోత తగ్గించాడు. ఆ ఆస్బెస్టాస్ ఊపిరితిత్తుల్ని తింటుందని లోకానికి ఆలస్యంగా తెలిసింది. పాత బండ్లలో, ఊరూ పేరూ లేని ప్యాడ్లలో ఏం కలిపారో చెప్పలేం కాబట్టి బ్రేక్ దుమ్ముని నోటితో ఊదొద్దు, గాలి పంపుతో కొట్టొద్దు. తడిగుడ్డతో తుడవండి. బ్రేక్‌కి నూనె చుక్క వేయమని ఎవరైనా సలహా ఇస్తే ఆయన బండి ఎక్కకండి.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో ఉంటే సన్నటి చప్పుడు, క్లచ్ తొక్కగానే మాయం. ఏమై ఉంటుంది? - దర్శి

జవాబు: గేర్‌బాక్స్ ముందు షాఫ్ట్ బేరింగ్ మీద అనుమానం. మీరు చెప్పినదానికి తలకిందులుగా, అంటే క్లచ్ తొక్కినప్పుడే వస్తే, క్లచ్ రిలీజ్ బేరింగ్. రెంటికీ గేర్‌బాక్స్ దించాలి, ఇంటి పని కాదు. దించిన రోజున క్లచ్ ప్లేట్ కూడా చూడమని చెప్పండి అన్నా, రెండుసార్లు కూలి ఇవ్వక్కర్లేదు.

ప్రశ్న: మా కారు పత్తి బోరేలు పెట్టే రేకుల షెడ్డులో ఉంటుంది. డాష్‌బోర్డు లోపల పిల్లి పిల్ల అరిచినట్టు వస్తోంది. మా అమ్మాయి భయపడి కారెక్కడం లేదు.

జవాబు: ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, ఫ్యాన్ స్పీడు ఒకటి నుంచి నాలుగు దాకా మార్చండమ్మా. అరుపు దాంతో పాటు మారితే బ్లోయర్ మోటారు. పత్తి నూగు పోయి చిక్కుకుని ఉంటుంది, లేదా ఎలుక ఆ పత్తితోనే గూడు కట్టి ఉంటుంది. గ్లవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ లాగి చూస్తే తెలిసిపోతుంది. ఎలుక ఉంటే వైర్లు కూడా చూపించండి. నిజంగానే పిల్లి పిల్ల ఉండే వీలూ లేకపోలేదు, చలికాలం అవి వెచ్చటి ఇంజన్ మీద పడుకుంటాయి. సెల్ఫ్ కొట్టే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టండి.

ప్రశ్న: మెకానిక్ దగ్గరికి వెళ్ళగానే అరుపు ఆగిపోతే ఎట్లా రుజువు చేసేది?

జవాబు: ఫోన్‌లో వీడియో తీయండి. ఉత్త చప్పుడు కాకుండా ఆర్‌పీఎం ముల్లు కనబడేట్టు, డ్రైవర్ సీటులోంచి. మీరే పక్కన చెబుతూ పోండి: ఇప్పుడు ఏసీ వేశాను, ఇప్పుడు ఆపాను, ఇప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పాను. ఆయిల్ పవర్ స్టీరింగ్ ఉన్న పాత బండ్లలో ఆ చివరిదానికే బెల్ట్ అరుస్తుంది. అప్పటికీ తేలకపోతే సాయంత్రం బండి మెకానిక్ షెడ్డులోనే వదిలేసి, పొద్దున మొదటి సెల్ఫ్ ఆయన్నే కొట్టమనండి.