పొగ బయటికి – వేడి లోపలికి
(పెరటి పొయ్యి వేడితో నడిచే ఇంటి సాధనాలు – ఒక పరిశీలన)



ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం అనే మూడు మాటలు మనమందరం హైస్కూల్లో చదివినవే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. అయితే ఈ మూడూ తెల్లవారుజామున మన పెరట్లో నీళ్ళు కాగేటప్పుడు కళ్ళెదుటే జరుగుతుంటాయి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మాదే. పెద్దలు చేతులతో చేస్తున్న పనికి పుస్తకంలో ఒక పేరు ఉందని మాకు ఎం.ఎస్సీ.కి వచ్చాక గాని పూర్తిగా బోధపడలేదు. ఆ సంగతి మీరు ఇప్పుడే తెలుసుకుంటే మేలని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఈ విషయం ఎందుకు?

కోనసీమలో వంటచెరకుకు అడవికి పోనక్కరలేదు. ప్రతి దింపు తర్వాతా మట్టలు, డొక్కలు, చిప్పలు, గెల కాడలు మిగులుతాయి. మరోపక్క మన నేల కింద సహజవాయువు కూడా ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి అదుపు తప్పి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. అంత గ్యాస్ ఉన్న సీమలోనూ పొయ్యి ముందు కళ్ళు తుడుచుకునే తల్లులు ఉన్నారు. 1999లో ‘దీపం’, 2016లో ‘ఉజ్వల’ పథకాలు వచ్చి గ్యాస్ పొయ్యి చాలా ఇళ్ళకు చేరింది. అయినా స్నానాల నీళ్ళు, పశువుల దాణా, పెద్ద వంటలు నేటికీ అనేక ఇళ్ళలో కట్టెల మీదనే.

వంటింటి పొగ వంటి ఇంటి లోపలి వాయుకాలుష్యం వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి కట్టెల మంటను వాడుకునేవారు ఒక ప్రశ్న వేసుకోవాలి: మంటను ఇంటి బయట ఉంచి, దాని వేడిని మాత్రమే పనికి వాడుకోవడం ఎలా?

ఏ పనికి ఎంత వేడి?

మొదట తెలుసుకోవలసింది ఇది. అన్ని పనులకూ ఒకే వేడి అక్కరలేదు.

1. స్నానానికి 40 డిగ్రీలు చాలు.
2. జిడ్డు గిన్నెలు, మురికి బట్టలకు 50 నుండి 60 డిగ్రీలు.
3. కొబ్బరి గుండ్లు, బట్టలు ఆరబెట్టడానికి 60 – 70 డిగ్రీల వేడిగాలి.
4. అన్నం, ఇడ్లీ ఉడకడానికి 100 డిగ్రీలు, అనగా మరిగే నీరు లేదా ఆవిరి.
5. వేపుళ్ళకు, రొట్టె కాల్చడానికి 180 డిగ్రీలకు అటూ ఇటూ.

మొదటి నాలుగు పనులకు వేడిని నీటి ద్వారానో, ఆవిరి ద్వారానో, గాలి ద్వారానో మంట దగ్గర నుండి మోసుకుపోవచ్చు. ఐదవ దానికి మాత్రం పాత్ర మంట మీదికే వెళ్ళాలి. ఇంటి పనుల్లో ఎక్కువ భాగం మొదటి నాలుగింటిలోనే ఉన్నాయని గమనించండి.

మన పెద్దల సాధనాలు

రాగి బాయిలర్: దీని నడుమ ఒక నిలువు గొట్టం ఉంటుంది. గొట్టం అడుగున జల్లెడ మీద చిప్పలు, డొక్కముక్కలు మండుతాయి. గొట్టం చుట్టూ నీరు ఉంటుంది. కాబట్టి మంట నాలుగు వైపులా నీటికే తగులుతుంది. మూడు రాళ్ళ మీద కాగు పెట్టినప్పుడు మంటలో ఎక్కువ భాగం గాలికి పోతుంది. ఇక్కడ ఆ నష్టం తక్కువ. కొన్ని బాయిలర్లలో పైనున్న గరాటులో చన్నీళ్ళు పోస్తే అవి అడుగుకు చేరి, పైకి తేలిన వేడినీళ్ళను పక్క గొట్టం గుండా బయటకు నెడతాయి. వేడినీరు తేలిక, చన్నీరు బరువు అనే సంవహన సూత్రం ఇదే. మోటారు లేదు, కరెంటు లేదు.

చాకలి బాన: రజక సోదరులు చౌడు నీళ్ళలో తడిపిన బట్టలను బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఉబ్బకు వేసేవారు. ఆవిరి బట్టల పొరల గుండా పైకి పోతూ మురికిని వదిలించేది. ఒక కిలో ఆవిరి నీరుగా మారితే 540 కిలోకాలరీల వేడి ఇస్తుంది. ఒక కిలో మరిగిన నీరు 40 డిగ్రీలకు చల్లారితే ఇచ్చేది 60 మాత్రమే. అంటే తొమ్మిది రెట్లు తేడా. ‘గుప్తోష్ణం’ అనే మాట తెలియకుండానే దానితో ఊరందరి బట్టలూ ఉతికారు. ఆ విద్యకు తగిన గౌరవం వారికి దక్కలేదన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఇస్త్రీ పెట్టె: చిప్పల బొగ్గు నింపిన ఇత్తడి పెట్టె మంటను బొగ్గు రూపంలో మోసుకుపోయే సాధనం. చిప్ప బొగ్గు గట్టిది, పొగ తక్కువ, వేడి ఎక్కువసేపు నిలుస్తుంది.

దాలి: గుంటలో పిడకల సెగ మీద పాలకుండ పెట్టి గంటల తరబడి కాచే పద్ధతి. మంట లేకుండా సన్నని వేడి ఇవ్వడం దీని ప్రత్యేకత.

ఒక చిన్న లెక్క

ఒక కిలో (లీటరు) నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలోకాలరీ కావాలి. వందమంది ఉన్న హాస్టల్లో ఒక్కొక్కరికి 15 లీటర్ల నీటిని 25 నుండి 40 డిగ్రీలకు కాచాలనుకుందాం.

1500 లీటర్లు × 15 డిగ్రీలు = 22,500 కిలోకాలరీలు.

ఎండు కట్టె కిలోకు సుమారు 3,500 కిలోకాలరీలు ఇస్తుంది. మూడు రాళ్ళ పొయ్యిలో అందులో పదోవంతు నీటికి చేరుతుందనుకుంటే కిలోకు 350 మాత్రమే. అప్పుడు రోజుకు 64 కిలోల కట్టెలు కావాలి. చుట్టూ నీరున్న బాయిలర్‌లో నూటికి 40 వంతులు చేరితే 16 కిలోలు చాలు. మంట అదే, కట్టె అదే. మారినది పాత్ర ఆకారం ఒక్కటే!

ఇదే పని కరెంటుతో చేస్తే (యూనిట్‌కు 860 కిలోకాలరీలు) రోజుకు 26 యూనిట్లు. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌తో అయితే నాలుగు రోజులకు ఒకటి అవుతుంది. నలుగురున్న ఇంటికి మాత్రం లెక్క చిన్నది: రోజుకు 900 కిలోకాలరీలు, అంటే యూనిట్‌కు కాస్త ఎక్కువ. కాబట్టి డొక్కలు ఊరికే దొరికే ఇంటికి బాయిలర్ లాభం. కట్టెలు కొనుక్కునే ఇంటికి అంత లాభం కాదు. ఎవరికి వారు ఈ లెక్క వేసుకోవాలి.

చలిదేశాల పెరటి కొలిమి

అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్ వంటి చలి రాష్ట్రాల పల్లెల్లో ఇంటికి కొంత దూరంలో చిన్న గదిలాంటి కొలిమి కట్టుకుంటారు. దాని చుట్టూ నీటితొట్టి ఉంటుంది. మన రాగి బాయిలర్‌కు అది పెద్దన్న. సుమారు 80 డిగ్రీల నీటిని పంపు ద్వారా, భూమిలో పాతిన గొట్టాల గుండా ఇంట్లోకి పంపుతారు. ఇంట్లోని సాధనాలను ఆ వేడికి తగినట్లు మార్చుకుంటారు.

స్నానాల నీళ్ళకు గొట్టంలో గొట్టం అమరుస్తారు. వెలుపలి గొట్టంలో కొలిమి నీరు, లోపలి గొట్టంలో ఇంటి నీరు. రెండూ కలవవు, వేడి మాత్రం దాటుతుంది. బట్టలారబెట్టే యంత్రంలో కరెంటు తీగచుట్టకు బదులు వేడినీటి గొట్టపు చుట్ట పెట్టి, దాని మీదుగా గాలి ఊదించేవారు కూడా ఉన్నారు. వాషింగ్ మెషీన్‌లో వేడినీటితో ఉతికేటప్పుడు కరెంటులో అధిక భాగం నీరు కాచడానికే ఖర్చవుతుంది. వేడినీటి గొట్టం ఉన్న రకమైతే కాచిన నీటిని నేరుగా ఇచ్చి ఆ ఖర్చు తగ్గించవచ్చు. అయితే మెషీన్ పుస్తకంలో రాసిన వేడిని మించరాదు.

వారి అనుభవం నుండి మనం నేర్చుకోవలసినది మరొకటి ఉంది. నీరు తగినంత వేడెక్కగానే కొలిమికి గాలి మూసుకుపోయేది. కట్టెలు మండక పొగలు కక్కేవి. పొగగొట్టాలు పొట్టివి కావడంతో ఆ పొగ ఇరుగుపొరుగు ఇళ్ళలోకి పోయేది. ఫిర్యాదులు పెరిగి, 2015లో అక్కడి పర్యావరణ సంస్థ ఇటువంటి కొలిములకు పొగ పరిమితులు విధించింది. 2020 నుండి వాటిని ఇంకా కఠినం చేసింది. గోడకు గోడ తగిలే మన పేటల్లో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. మన ఇంట్లోంచి పోయిన పొగ పక్కింటి ఉయ్యాల దగ్గరికి చేరకూడదు.

వేడిగాలి – ఎండు కొబ్బరి

వానాకాలంలో కొబ్బరి ఎండదు, బూజు పడుతుంది. నేరుగా పొగ మీద ఎండబెడితే నల్లబడి ధర తగ్గుతుంది. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ చిప్పలతో నడిచే డ్రయ్యర్లను రూపొందించింది. వీటిలో పొగ వేరే దారిన బయటకు పోతుంది. వేడెక్కిన శుభ్రమైన గాలి మాత్రమే కొబ్బరికి తగులుతుంది. అంబాజీపేట మార్కెట్ మీద ఆధారపడిన మన రైతులకు, వలుపు కూలీలకు ఇది దగ్గరి విషయం.

మంటతో చల్లదనం!

వేడితో ఫ్రిజ్ నడుస్తుందంటే నమ్మబుద్ధి కాదు. అమ్మోనియాను నీటి నుండి వేడితో విడదీసి, తిరిగి నీటిలో కలిసేలా చేసే పద్ధతిని ఫ్రాన్స్ దేశస్థుడు ఫెర్డినాండ్ కారే 1859లో రూపొందించాడు. 1922లో స్టాక్‌హోమ్‌లో ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కదిలే భాగాలే లేని ఫ్రిజ్‌ను తయారుచేశారు. దానికి కావలసింది వేడి మాత్రమే. అయితే ఇటువంటి ఫ్రిజ్‌కు మరిగే నీటి వేడి కూడా చాలదు, స్థిరమైన మంట కావాలి. అమ్మోనియా విషవాయువు కూడా. ఇది ఇంట్లో ప్రయోగించే పని కాదు. విద్యార్థులే దీన్ని కనిపెట్టారన్న సంగతి మాత్రం మరువకండి.

మన గడ్డ మీద ప్రయత్నాలు

హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు పొగగొట్టం గల, ఒకే మంట మీద ఒకటికి మించి పాత్రలు కాగే పొయ్యిని రూపొందించారు. ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్’ అనే ఆయన పుస్తకం 1953లో వెలువడింది. తర్వాత 1983 నుండి 2002 వరకు కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం నడిపింది. ఎన్నో పొయ్యిలు కట్టారు, ఎన్నో మూలపడ్డాయి. పొగగొట్టంలో మసి దులపకపోతే, పగులు పూడ్చకపోతే ఏ పొయ్యీ నిలవదు. కట్టడం ఒకరోజు పని, బాగుచేసుకోవడం రోజూ పని.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

1. నీరు కాగే పాత్రను ఎన్నడూ పూర్తిగా బిగించరాదు. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు చోటు కావాలి. దారి లేకపోతే పాత్ర పేలుతుంది. పై మూత వదులుగా ఉండాలి, లేదా ఆవిరి పోయే గొట్టం తెరిచి ఉండాలి.
2. నీరు లేకుండా బాయిలర్ కింద మంట పెట్టరాదు. అతుకులు కరిగిపోతాయి.
3. బాయిలర్ దగ్గర మామూలు ప్లాస్టిక్ గొట్టాలు వాడరాదు.
4. తలుపులు మూసిన గదిలో బొగ్గు కుంపటి పెట్టరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.
5. ప్లాస్టిక్ సంచులు, టైర్లు, రంగు వేసిన చెక్క మంటలో వేయరాదు.
6. తడి డొక్కలు వద్దు. ఎండినవే తక్కువ పొగతో ఎక్కువ వేడి ఇస్తాయి.
7. ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేడినీళ్ళు కలపాలి. చిన్నపిల్లలను దగ్గరకు రానీయరాదు.

ముగింపు

గ్యాస్ అందుబాటులో ఉన్నవారు వంటకు గ్యాసే వాడాలి. అందులో సందేహం లేదు. కట్టె తప్పనిచోట మాత్రం మంట బయట ఉండాలి, పొగ ఎత్తుగా పోవాలి, వేడి నీటిలోనో గాలిలోనో ఇంటికి రావాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. అమ్మ నీళ్ళు కాచే పొయ్యికి ఒకరోజు ఎన్ని కిలోల డొక్కలు పడుతున్నాయో తూచండి. నీళ్ళెన్ని లీటర్లో కొలవండి. పై లెక్క ప్రకారం ఎంత వేడి నీటికి చేరిందో, ఎంత గాలికి పోయిందో కట్టండి. ఆ లెక్కను అమ్మకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. చదువు ఇంటికి చేరడమంటే మా దృష్టిలో అదే.