పుస్తకంలోని పేరు మనిషికి తగిలించకు

విశాఖపట్నం

చిరంజీవి లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. పగలు ఉద్యోగం, రాత్రి ఇగ్నో పుస్తకాలు, ఆదివారం స్టడీ సెంటరు. ఇంత కష్టపడి ఎం.ఏ. సైకాలజీ రెండో ఏడాదికి వచ్చావంటే గర్వంగా ఉందమ్మా.

అబ్‌నార్మల్ సైకాలజీ మొదలుపెట్టాక ఇంటిల్లిపాదిలో ఏదో ఒక జబ్బు కనిపిస్తోందని రాశావు. మీ అమ్మ గ్యాసు కట్టానో లేదోనని రెండోసారి చూసుకుంటే ఓసీడీ అన్నావట. రెండు రాత్రులు నిద్రపట్టకపోతే నీకే డిప్రెషన్ అని భయపడ్డావట. ఈ చదువులో చాలామందికి ఇలాగే అనిపిస్తుంది, కంగారుపడకు. కానీ లక్షణాలు చదవడం వేరు, మనిషిలో జబ్బు పోల్చుకోవడం వేరు.

జబ్బుల లక్షణాలు రాసిన డీఎస్‌ఎం-5 పుస్తకం మళ్లీ తీసి చూడు. ఓసీడీ అనాలంటే ఆ ఆలోచనలో, ఆ పనులో రోజుకు గంటకు పైగా తినెయ్యాలి, లేదా మనిషిని బాగా బాధపెట్టాలి, రోజువారీ పనులకు అడ్డుపడాలి. మేజర్ డిప్రెషన్‌కు తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు రెండు వారాల పాటు ఉండాలి. వాటిలో దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ ఉండి తీరాలి. ఎంతసేపు, ఎన్నాళ్లు, బతుకు ఎంత దెబ్బతింది అని అడక్కుండా ఎవరికీ పేరు పెట్టకు.

పైగా ఆ పుస్తకం పాత ముద్రణలూ పొరబడ్డాయి. స్వలింగ ఆకర్షణను అమెరికా సైకియాట్రిస్టుల సంఘం జబ్బుల జాబితాలోంచి తీసేసింది 1973లోనే. అప్పటిదాకా ఆ ముద్ర మోసినవాళ్లు ఎంత నలిగిపోయారో ఆలోచించు.

నేను మెంటల్ వార్డులో నర్సుగా పనిచేసిన రోజుల్లో ఒకావిడ ఉండేది. కేస్‌షీటులో స్కిజోఫ్రెనియా అని ఉండేది. ఆవిడ మాత్రం రోజూ నన్ను ఒకటే అడిగేది: "మా అబ్బాయి పరీక్ష రాశాడా, సిస్టరమ్మా?" ఆ మాట కేస్‌షీటులో లేదు. పక్కన కూర్చున్నవాళ్లకే వినిపించింది. పోస్టులో వచ్చే పుస్తకం ఇవ్వలేనిది అదే. అందుకే ఇంటర్న్‌షిప్‌ను సర్టిఫికెట్ కోసం మొక్కుబడిగా చెయ్యకు.

ఇంకో మాట. సైకాలజీలో దూరవిద్య ప్రవేశాలను 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి యూజీసీ ఆపించింది. నువ్వు అంతకుముందే చేరావు. అయినా ఈ డిగ్రీతో క్లినికల్ సైకాలజిస్టువి కాలేవు. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు రెగ్యులర్‌గా చదివి రిజిస్టరు చేయించుకోవాలి. అది చెయ్యకుండా బోర్డు పెట్టుకోకు.

ఈలోగా ఎవరైనా నీ దగ్గర కంటతడి పెడితే ముందు విను. వాళ్లకు 14416 నంబరు చెప్పు, అది ప్రభుత్వ టెలీ మానస్. అవసరమైతే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఈరోజు మాత్రం మీ అమ్మ దగ్గర కూర్చుని, గ్యాసు గురించి ఎందుకంత భయమో అడుగు తల్లీ.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ