ముందు వస్తువు, తర్వాతే పేటెంట్

తొమ్మిదో తరగతి పిల్లాడి ఐడియాకు పేటెంట్ ఎలా తీసుకోవాలని అడిగే తల్లిదండ్రులు ఈమధ్య ఎక్కువయ్యారు. వస్తువు తయారైందా అని అడిగితే ‘ఇంకా లేదు సార్, కానీ ఈ ఐడియా ఎవరికీ రాలేదు’ అంటారు. ఐడియా తట్టిందంటే సగం పని అయిపోయినట్టేనని వాళ్ల నమ్మకం. మిగతా సగం పేటెంటు, ఆపైన పెట్టుబడి పెట్టేవాళ్లు. ఇది తప్పని గట్టిగా చెప్పదలచుకున్నాను. తట్టిన ఐడియాకూ, జనం డబ్బిచ్చి కొనుక్కునే వస్తువుకూ మధ్య చాలా దూరం ఉంది. పిల్లలు నేర్చుకోవలసిందంతా ఆ దూరంలోనే ఉంది.

చింతకింది మల్లేశం పేరు తెలియనివాళ్లు మన దగ్గర తక్కువ. ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు, 2019లో ఆయన జీవితం సినిమాగా వచ్చింది. ఆయన్ని ఆదర్శంగా చూపించే పెద్దలు ఆ యంత్రం చేయడానికి పట్టిన ఏడేళ్లను మాత్రం ఒక్క మాటలో దాటేస్తారు. పోచంపల్లి పట్టుచీర నేయాలంటే, రంగులద్దే ముందు పోగును అర్ధచంద్రాకారంలో ఉన్న పుల్లల మీదుగా అటూ ఇటూ తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్క చీరకు చేయి సుమారు తొమ్మిది వేల సార్లు ఆడాలి. మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పితో రోజూ ఆ పనే చేసేది. ఆరో తరగతితో బడి మానేసిన కొడుకు 1992లో యంత్రం మొదలుపెట్టాడు. ఒక భాగం కుదిరితే ఇంకోటి కుదరలేదు, చేతిలో డబ్బు అయిపోయింది. హైదరాబాద్ వచ్చి పనిలో చేరాడు. బాలానగర్‌లో ఒక యంత్రం కదిలే తీరు చూశాక, ఎక్కడ ఆగిపోయాడో అక్కడ దారి దొరికింది. 1999లో యంత్రం పూర్తయింది. గంటల తరబడి సాగే ఆసు పని గంటన్నరకు వచ్చింది.

యంత్రం ఎవరికి కావాలో ఆయనకు ముందే తెలుసు, ఆ మనిషి ఇంట్లోనే ఉంది. చేసిన ప్రతి భాగాన్నీ పరీక్షించడానికి చీర కళ్లెదుట ఉంది. తెలియని విద్య కోసం ఇంకొకరి కార్ఖానాలో నిలబడి చూశాడు. పేటెంట్ వీటన్నిటి తర్వాత వచ్చింది.

మీ అబ్బాయి దగ్గరున్న ఐడియా బహుశా ఇంత పెద్దది కాకపోవచ్చు. డాబా మీద ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయే పరికరం అనుకుందాం. సైన్సు ఫెయిర్లలో తరచూ కనిపించేదే. బకెట్‌లో రెండు రాగి తీగలు ముంచి, నీళ్లు తగలగానే బల్బు వెలిగేలా చేసి చూపిస్తాడు. చప్పట్లు పడతాయి, కప్పు వస్తుంది. ఆ తీగలనే నిజంగా ట్యాంకులో పెట్టి కొన్ని వారాలు వదిలేస్తే ఏమవుతుంది? కరెంటు పారుతున్నకొద్దీ ఒక తీగ అరిగిపోతుంది, దాని మీద పచ్చటి చిలుము పడుతుంది. బోరు నీళ్లయితే తెల్లటి సున్నపు పొర కూడా కడుతుంది. నీళ్లు తగిలినా పరికరానికి తెలియదు, మోటారు ఆగదు, డాబా అంతా నీళ్లే. అప్పుడు పిల్లాడు రాగి బదులు స్టీలు వాడాలని తెలుసుకుంటాడు. కరెంటు ఎప్పుడూ పారేలా కాకుండా, ఉండుండి ఒక్క క్షణం పంపి చూడాలని నేర్చుకుంటాడు. లేదంటే తీగలను మానేసి తేలే బంతిని పెడతాడు. ఏ కోచింగ్ సెంటరూ దీన్ని నేర్పలేదు. బకెట్ దగ్గరే ఆపేసి పేటెంట్ ఆఫీసుకు పరుగెత్తించిన తండ్రి ఆ చదువు పిల్లాడికి అందకుండా చేస్తున్నాడు.

వస్తువు పనిచేశాక ఖర్చు సంగతి వస్తుంది. దాన్ని పెట్టే ప్లాస్టిక్ డబ్బాకు ఇంజెక్షన్ మౌల్డింగ్ అచ్చు చేయించాలంటే లక్షల్లో మాట. వేలకొద్దీ డబ్బాలు అమ్ముడైతేనే అది గిట్టుబాటు. అందుకే మొదటి యాభై పరికరాలకు త్రీడీ ప్రింటింగో, బజారులో దొరికే జంక్షన్ బాక్సో చాలు. ఆ యాభై ఇళ్లలో వర్షాకాలం, ఎండాకాలం గడవనివ్వాలి. ఇంట్లో కరెంటుతో నడిచే చాలా వస్తువులకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ధ్రువీకరణ తప్పనిసరి కాబట్టి దాని ఖర్చూ ముందే లెక్కేసుకోవాలి.

ఇక పేటెంట్. మన దేశంలో పేటెంట్ గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ప్రదర్శనలో పెట్టినా, యూట్యూబ్‌లో వీడియో వేసినా కొత్తదనం పోయిందని దరఖాస్తు తిరస్కరించవచ్చు. కాబట్టి నిజంగా కొత్త వస్తువైతే బయటపెట్టే ముందే, అంటే ఆ యాభై ఇళ్లకు ఇవ్వకముందే, ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసుకోవాలి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో దీని ప్రభుత్వ రుసుము రూ. 1,600. పూర్తి వివరాలతో రెండో దరఖాస్తు వేయడానికి 12 నెలలు సమయం ఉంటుంది. ఆ 12 నెలల్లో వస్తువు నిలబడుతుందో లేదో తేలిపోతుంది. నిలబడకపోతే వదిలేయండి, పోయేది పెద్దగా లేదు.

అసలు డబ్బు పోయేది ఇంకోచోట. ‘మీ పాప పేరిట పేటెంట్, విదేశీ అడ్మిషన్‌కు పనికొస్తుంది’ అని వేలకు వేలు గుంజే ఏజెన్సీలు బయల్దేరాయి. కొన్నాళ్లకు అవి ‘పేటెంట్ పబ్లిష్ అయింది’ అన్న కాగితం చేతిలో పెడతాయి. దరఖాస్తును 18 నెలలకు పేటెంట్ జర్నల్‌లో ప్రచురించడం మామూలు తంతు. అది మంజూరు కాదు. మంజూరు కావాలంటే పరీక్ష కోసం విడిగా రుసుము కట్టాలి, పరీక్షాధికారి అభ్యంతరాలకు జవాబివ్వాలి. ఇంకొందరు డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించి దాన్నే పేటెంట్ అని చెబుతారు. అది వస్తువు రూపానికే రక్షణ, పనిచేసే విధానానికి కాదు. మరీ దారుణం, ఎవరి దరఖాస్తులోనో సహ ఆవిష్కర్తగా పేరు చేర్చడానికి రేటు కట్టి అమ్మడం. ఇంజినీరింగ్ విద్యార్థులారా, అమీర్‌పేటలో ఫైనలియర్ ప్రాజెక్టు కొనుక్కోవడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. ఇంటర్వ్యూలో ‘ఇందులో నువ్వు చేసింది ఏమిటి’ అన్న ఒక్క ప్రశ్నకు ఆ కాగితం నిలవదు.

ఒక్క రూపాయి ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఒకటుంది. గూగుల్ పేటెంట్స్‌లో, భారత పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో మీ ఐడియాను వెతకండి. చాలావరకు ఎవరో ముందే చేసి ఉంటారు. నిరుత్సాహం వద్దు. వాళ్లు వేసిన బొమ్మలు, రాసిన వివరాలు చదివితే మీ వస్తువు ఎక్కడ మెరుగుపడాలో తెలుస్తుంది.

వస్తువులు చేయడం మీద నిజంగా మనసున్న పిల్లలకు నేను సూచించే దారి కంప్యూటర్ సైన్స్ సీటు కాదు. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. టూల్, డై, మౌల్డ్ మేకింగ్‌లో నాలుగేళ్ల డిప్లొమాకు పదో తరగతి చాలు, ప్రవేశ పరీక్ష రాయాలి. అచ్చు ఎలా పుడుతుందో చేత్తో నేర్చుకున్నవాడికి వస్తువు ధర ఎక్కడ పెరుగుతుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. వస్తువు రూపం, వాడుకలో సౌకర్యం మీద ఆసక్తి ఉంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) ఆంధ్రప్రదేశ్‌లో డిజైన్ డిగ్రీ బీడెస్ ఉంది. ఇప్పటికే బీటెక్‌లో ఉన్నవాళ్లు హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రానికి వెళ్లి ప్రొటోటైప్ (తొలి నమూనా) చేసుకోవచ్చు. ప్రొటోటైప్ కోసం రూ. 10 లక్షల వరకు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ నిధి-ప్రయాస్ పథకం కూడా ఉంది. పల్లెల్లో ఉన్నవాళ్లను వెతుక్కుంటూ వచ్చి చేయూతనిచ్చే పల్లెసృజన లాంటి స్వచ్ఛంద సంస్థలున్నాయి. మీ బడిలో పిల్లలు పరికరాలు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే అది రోజూ తెరుస్తున్నారా, అధికారులు వచ్చినప్పుడే తెరుస్తున్నారా అని పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. మార్కుల గురించి అడిగే ప్రశ్నల్లో ఒకటి తగ్గించుకుని అయినా సరే, ఇది అడగండి.

రెండో ఏడాదిలోనే కాలేజీ మానేసి స్టార్టప్ పెడతానంటున్న పిల్లలకు ఒక మాట. అప్పటిదాకా మీ వస్తువును డబ్బిచ్చి కొని, మళ్లీ ఇంకోటి కావాలని అడిగినవాళ్లు పదిమంది కూడా లేకపోతే చదువు మానకండి. తల్లిదండ్రులకూ ఒక విన్నపం. పద్నాలుగేళ్ల పిల్లను ‘యంగ్ ఇన్నొవేటర్’ అని ఫ్లెక్సీ ఎక్కించకండి. రేపు ఆ పరికరం పనిచేయకపోతే దాన్ని విప్పి చూసే ధైర్యం ఆమెకు మిగలదు. ఏజెన్సీకి కట్టాలనుకున్న డబ్బులో కొంత పెట్టి మంచి సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, వెర్నియర్ కాలిపర్స్ కొనివ్వండి. వాటితో ఏం చేస్తున్నావని ఏడాది పాటు అడగకండి.