బోర్డు పాడవలేదు: యుఎస్‌బి నంబరు తగవు

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. డిప్లొమా చదివే మా మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మా చాకవేలు చేలల్లో నేల తేమ కొలవడం ఆమె ప్రాజెక్టు. చిన్న ఆర్డ్వినో బోర్డు తేమ కొలుస్తుంది. ఆ అంకెలను రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటరు యుఎస్‌బి తీగ ద్వారా తీసుకుంటుంది. 2023లో పాత లినక్సు తీసి ఉబుంటు 22.04 వేసిన రోజునుంచి బోర్డు ఒక్క క్షణం కనబడి మాయమయ్యేది. అంగడాయన బోర్డు పోయిందన్నాడు. స్కాలర్‌షిప్ డబ్బుతో ఇంకొకటి కొన్నాము. అదీ అంతే! తప్పు బోర్డుది కాదని అప్పుడు తోచింది.

ఇలాంటప్పుడు మొదట 'ఎల్ఎస్‌యుఎస్‌బి' ఆదేశం కొట్టండి (ఆదేశాలన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో). తగిలించిన పరికరాల జాబితా వస్తుంది. అందులో బోర్డు లేకపోతే తీగ మార్చి చూడండి. కొన్ని చార్జింగు తీగల్లో సమాచారం మోసే తంతులే ఉండవు. మా జాబితాలో 1ఎ86:7523 అని ఉంది. ముందు భాగం తయారీదారుది, వెనకది వస్తువుది.

తర్వాత 'సుడో డిఎమ్ఇఎస్‌జి'. ఇది కంప్యూటరు రాసుకునే చిట్టా. సిహెచ్341 అనే డ్రైవరు బోర్డును పట్టుకుని టిటివైయుఎస్‌బి0 అని పేరు పెట్టింది. మరుక్షణమే బిఆర్ఎల్‌టిటివై అనే ప్రోగ్రాము దాన్ని లాక్కుంది. ఇది అంధులు వేళ్లతో చదివే బ్రెయిలీ పరికరాలను నడిపేది. మా బోర్డులో ఉన్న సిహెచ్340 చిప్పు నంబరే ఒక బ్రెయిలీ పరికరానికీ ఉంది. ఒకే పేరు, ఒకే తండ్రిపేరు ఉన్న ఇద్దరిలో ఒకరి జమ ఇంకొకరి ఖాతాలో రాసి నేను మేనేజరుగారి చేత చీవాట్లు తిన్నాను. కంప్యూటరు కూడా ఇక్కడ నంబరొక్కటే చూసింది.

ఆ ప్రోగ్రామునే తీసెయ్యమని చాలామంది చెబుతారు. ఇంట్లోనైతే సరే. కాలేజీ ల్యాబులో చూపులేని విద్యార్థి ఒక్కరున్నా వారి చదువు ఆగిపోతుంది. అందుకని ఒక్క వరుసే ఆపించాను. '/యుఎస్ఆర్/లిబ్/యుడెవ్/రూల్స్.డి'లోని '85-బిఆర్ఎల్‌టిటివై.రూల్స్' ఫైలును అదే పేరుతో '/ఇటిసి/యుడెవ్/రూల్స్.డి'లోకి కాపీ చేయాలి. అసలు ఫైలును ముట్టుకుంటే అప్‌డేటులో మార్పు పోవచ్చు. ఇటిసిలోని ఫైలుకే కంప్యూటరు పెద్దపీట వేస్తుంది. కాపీలో 1ఎ86/7523 ఉన్న వరుస మొదట # గుర్తు పెట్టి, రీస్టార్టు చేయాలి. ఆ నంబరున్న బ్రెయిలీ పరికరాన్నే వాడే కంప్యూటరులో మాత్రం ఇలా చేయకండి.

టిటివైయుఎస్‌బి0 నిలబడింది. ఆ సాయంత్రమే చెనక్కాయ చేనులో మొదటి లెక్క వచ్చింది. రెండో బోర్డు మా ఇంట్లో పెట్టెలోనే ఉంది, ప్రాజెక్టుకు కావలసిన పిల్లలు వచ్చి తీసుకుపోవచ్చు.