నెఫ్రాన్ తెలిస్తే కిడ్నీ ఫైలు చదవొచ్చు



జగ్గయ్యపేట, నందిగామల నుంచి ఏటా కొందరు పిల్లలు బైపీసీ, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో చేరుతుంటారు. అక్కడ ముందుగా వాళ్లను భయపెట్టేది వైద్య పదాలు. వరసబెట్టి బట్టీ పడతారు, పరీక్ష అయ్యాక మరిచిపోతారు. నిజానికి ఈ పదాల్లో చాలావరకు గ్రీకు, లాటిన్ ముక్కలు అతికించి చేసినవే. తెలుగు క్లాసులో సంధి విడదీసినట్టు వీటినీ విడదీయొచ్చు.

మన జిల్లాలోని ఎ.కొండూరు తండాల కిడ్నీ జబ్బుల సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. కిడ్నీ రోగి ఉన్న ఏ ఇంట్లో ఫైలు తెరిచినా నెఫ్రాలజిస్ట్, హీమోడయాలిసిస్, క్రియాటినిన్ అనే మాటలు కనిపిస్తాయి. పదో తరగతి సైన్సులో నెఫ్రాన్ బొమ్మ గీయని పిల్లలుండరు. గ్రీకులో నెఫ్రోస్ అంటే కిడ్నీ. ఆ ఒక్క ముక్క పట్టుకుంటే నెఫ్రాలజిస్ట్ కిడ్నీ డాక్టరని, నెఫ్రైటిస్ కిడ్నీకి వచ్చిన జబ్బని అర్థమైపోతుంది. హీమో అంటే రక్తం, హిమోగ్లోబిన్‌లో ఉన్నదే. క్రియాటినిన్ కండరాల్లో తయారయ్యే వ్యర్థం. కిడ్నీలు దాన్ని వడగట్టి బయటికి పంపాలి. అందుకే రక్తంలో అది పెరిగితే డాక్టర్లు కిడ్నీల మీద దృష్టి పెడతారు.

పదం చివర ఐటిస్ ఉంటే 'వాపు' అని పిల్లలకు చెబుతాం. ఈ మాటతో నాకెప్పుడూ చిక్కే. ఇంట్లో వాపు అంటే కాలు ఉబ్బడం, నీరు పట్టడం. దాన్ని డాక్టర్లు ఎడీమా అంటారు. ఐటిస్ అంటే లోపల ఎర్రబడి, వేడెక్కి, నొప్పి పెట్టే వాపు. రెండూ వేర్వేరని ముందే చెప్పాలి. ఆపరేషన్‌కి సంతకం పెట్టే కాగితం మీద ఎక్టమీ అని ఉంటే ఆ భాగం తీసేస్తారని, ఆస్టమీ అని ఉంటే రంధ్రం చేసి దారి పెడతారని అర్థం. కొలెక్టమీ, కొలాస్టమీ వినడానికి ఒకేలా ఉంటాయి కానీ మొదటిదాంట్లో పెద్దపేగు తీసేస్తారు, రెండోదాంట్లో దాన్ని పొట్ట మీదికి తెరిచి పెడతారు.

అన్నిటికన్నా ప్రమాదమైన జంట హైపర్, హైపో. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. సుగర్ మందులు వాడే తాతయ్యకు చెమటలు పట్టి చేతులు వణికితే అది హైపోగ్లైసీమియా, మనం 'సుగర్ డౌన్' అనేది, కావచ్చు. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే పంచదార నీళ్లివ్వాలి. సుగర్ ఉన్న మనిషికి తీపి ఎలా ఇస్తామని ఆగిపోకూడదు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

చీటీ మీద ఓడీ అంటే రోజుకొకసారి, బీడీ అంటే రెండుసార్లు (కాల్చే బీడీ కాదు!), టీడీఎస్ అంటే మూడుసార్లు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. కంటి డాక్టరు చీటీలో మాత్రం ఓడీ అంటే కుడికన్ను కూడా కావచ్చు.

ఇంగ్లిషు పదాలొక్కటే వస్తే నర్సు పని సగమే. రోగి డిస్పీనియా అనడు, 'ఆయాసంగా ఉందమ్మా' అంటాడు. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి ఎడమచెయ్యి లాగుతున్నా 'గ్యాస్ పట్టిందిలే' అనే పెద్దవాళ్లు మనందరి ఇళ్లలోనూ ఉన్నారు. అక్కడ నర్సు 'గ్యాస్' అని రాసేసి ఊరుకుంటే ప్రాణం మీదికొస్తుంది. బరువు, చెయ్యి లాగడం, ఎప్పుడు మొదలైంది, అన్నీ అడిగి రోగి మాటల్లోనే రాయాలి.

ఈ నెల మీ ఇంట్లో ఉన్న పాత డిశ్చార్జి సమ్మరీ ఒకటి తీసి, మీ అమ్మాయి చేతో అబ్బాయి చేతో పది పదాలు విడదీయించండి. నోట్‌బుక్‌లో పదం, దాని ముక్కలు, నానమ్మ దాన్ని ఏమంటుందో పక్కపక్కన రాయించండి. మందు మార్చడం, ఆపడం వంటివి మాత్రం పిల్లల పని కాదు, డాక్టర్నే అడగండి. ఆ నోట్‌బుక్ వచ్చే నెల పేరెంట్స్ మీటింగ్‌కి తీసుకురండి. నానమ్మ మాటలున్న గడి ముందు చూస్తాను.